రెక్కలెందుకు నాయనా?

ఆళ్లగడ్డలో దిగే పని నాకు లేదు. కడపలో పొద్దున ఎక్కిన బస్సు నంద్యాల దాకా పోతుంది, అక్కణ్నుంచి మహానంది. కోనేట్లో మునిగి, స్వామిని చూసి, రాత్రికి తిరుగు బస్సు పట్టుకోవాలి, అంతే. డిసెంబరు చలికి కిటికీ అద్దమంతా తేమ. చాగలమర్రి దాటి ఆళ్లగడ్డ దగ్గరయ్యేసరికి రోడ్డు వారన శిల్పుల పాకలు మొదలయ్యాయి. సీమలో ఏ పల్లెలో కొత్త గుడి లేచినా, ఏ కూడలిలో ఏ నాయకుడి విగ్రహం నిలబడినా ఆ రాయి ఆళ్లగడ్డ ఉలి దెబ్బ తిని వచ్చిందేనని మావైపు అనుకుంటాం. లేత ఎండలో ఆ వరస చూడముచ్చటగా ఉంది. ఆంజనేయులు, అమ్మవార్లు, పంచె కట్టిన పెద్దమనుషులు, మెడ దాకా చెక్కి వదిలేసిన ఒక గాంధీ. ఆ తర్వాత రెండు నందులు. ఆ రెంటి నడుమ చేతులు జోడించి నిలుచున్న ఒక దేవదూత.

"ఆపన్నా, దిగాల" అని లేచాను. కండక్టరు నా నంద్యాల టికెట్టు వైపు, నా ముఖం వైపు మార్చి మార్చి చూశాడు.

దూత ముఖం పూర్తయింది. చెంపలు నున్నగా తీశారు. వీపు మీద మాత్రం ఇంకా బొగ్గుతో గీసిన గీతలే ఉన్నాయి, రెక్కలు అక్కడ రావాలి. పాకలో కుర్రవాడొకడు మిషన్‌తో రాయి కోస్తూ దుమ్ములో మునిగిపోయి ఉన్నాడు. పెద్దాయన ఒక్కడు నీడలో కూర్చుని, చిన్న ఉలితో నంది మెడలో గంటల పట్టెడ చెక్కుతున్నాడు. దూత ఎవరికని అడిగాను.

"ప్రొద్దుటూరు పక్క ఎవురో, వాళ్లమ్మ సమాధికంట. ఫోన్లో బొమ్మ పంపినారు. అచ్చం అట్లే కావాలన్నారు." ఉలి కింద పెట్టి మనవడి ఫోన్ తెప్పించి ఆ బొమ్మ చూపించాడు. ఏదో ఇటలీ శ్మశానంలోని పాలరాతి దూత. రెండు రెక్కలూ బారజాపి, కొసన ఈకలు కాగితమంత పల్చగా ఉన్నాయి.

"పాలరాతిలో చెల్లుతాదేమో. ఈ రాతిలో అంత సన్నంగా తీస్తే లారీ ఎక్కకముందే ఇరిగిపోతాది. అందుకే మడిచి ఈపుకు అంటించి పెడతాండా." కాసేపాగి, తనలో తాను అనుకుంటున్నట్టుగా అన్నాడు: "అయినా ఎగరాలంటే రెక్కలెందుకు నాయనా? ఒక కాలు ఎనక్కి మడిస్తే సాలదా?"

అని ఊరుకోలేదు. పాక గుంజ పట్టుకుని డెబ్బై ఏళ్ల మనిషి కుడికాలు వెనక్కి మడిచి, నడుము కొంచెం తిప్పి, భుజం మీది తువ్వాలు వెనక్కి విసిరాడు. ఒక్క క్షణం, నిజంగానే, ఆయన నేల మీద లేడు.

నన్ను ఆ రోజంతా మహానంది దాకా తరిమింది ఈ ప్రశ్నే. రెక్కలెందుకు?

మనం దేవదూత అనగానే తెల్ల అంగీ, పెద్ద రెక్కలు అనుకుంటాం గానీ, క్రైస్తవ చిత్రకళ మొదలైన దాదాపు రెండు వందల ఏళ్లు దూతలకు రెక్కలు లేవు. రోమ్ నగరం కింద ప్రిసిల్లా భూగర్భ సమాధుల్లో 3వ శతాబ్దపు గోడ బొమ్మ ఒకటుంది. మరియమ్మ కూర్చుని ఉంటుంది, ఎదురుగా గబ్రియేలు దూత నిలబడి చెయ్యి చాపి మాట్లాడుతుంటాడు. పై బట్ట కప్పుకున్న మామూలు రోము మనిషి, అంతే. బైబిల్లో అబ్రాహాము గుడారానికి వచ్చినవాళ్లూ ముగ్గురు మనుషులే. యాకోబు కలలో దూతలు నేల నుంచి ఆకాశానికి నిచ్చెన మీద ఎక్కుతూ దిగుతూ ఉంటారు. రెక్కలుంటే నిచ్చెనెందుకు?

రెక్కలు 4వ శతాబ్దం చివరికి వచ్చాయి. ఇస్తాంబుల్‌లో దొరికిన ఒక రాకుమారుడి రాతి శవపేటిక మీద ఇద్దరు దూతలు గాలిలో తేలుతూ ఒక దండను పట్టుకుని ఉంటారు. రెక్కల దూతల్లో ఇప్పటికి మిగిలిన పాతవాటిలో అదొకటి. ఆ భంగిమ కొత్తదేమీ కాదు. గ్రీకుల నైకీ, రోమనుల విక్టోరియా, అంటే విజయదేవత, అట్లాగే రెక్కలతో వచ్చి గెలిచినవాడి తల మీద దండ వేసేది. క్రీ.శ. 382లో గ్రేషియన్ చక్రవర్తి రోము సెనేట్ సభలోంచి ఆమె బలిపీఠాన్ని తీయించేశాడు. దేవత ఉద్యోగం పోయింది, రెక్కలు మాత్రం దూతకు బదిలీ అయ్యాయి. ఆ తర్వాత 430లలో రోములోనే శాంతా మరియా మజ్జోరె చర్చి గోడల మీద రంగురాళ్ల బొమ్మల్లో దూతలు రెక్కలతో దిగారు. అక్కణ్నుంచి వెనక్కి చూసింది లేదు.

ఈ రెక్కల లెక్క కట్టినవాడు ఒకడున్నాడు. జె.బి.ఎస్. హాల్డేన్ అనే జీవశాస్త్రవేత్త 1920లలో జంతువుల పరిమాణాల మీద ఒక చిన్న వ్యాసం రాశాడు. అందులో దేవదూతను కూడా వదల్లేదు. మనిషంత బరువున్న దూత డేగ బలంతో ఎగరాలంటే, రెక్కలాడించే కండరాలకు చోటు కావాలి కాబట్టి రొమ్ము నాలుగడుగులు ముందుకు పొడుచుకు రావాలని, బరువు తగ్గించడానికి కాళ్లు కర్రకాళ్లలా సన్నబడాలని తేల్చాడు. ఈ హాల్డేన్ తర్వాత ఇండియాకు వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో పోయాడు. పోతూ తన శరీరాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చాడు. దూతల ఎముకలు లెక్కబెట్టినవాడు తన ఎముకలను మన గోదావరి జిల్లా పిల్లలకు ఇచ్చిపోవడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

చిత్రకారులకు ఈ లెక్కలు తెలియక కాదు. లియొనార్డో 1472 ప్రాంతంలో గబ్రియేలుకు నిజమైన పక్షి రెక్కను చూసి గీసినట్టు పొట్టి రెక్కలు పెట్టాడు. తర్వాత ఎవరో వాటిని పొడిగించి బొమ్మ అందం చెడగొట్టారు. ఫ్లారెన్స్‌లో ఫ్రా ఆంజెలికో అనే సన్యాసి పక్షులను పట్టించుకోలేదు, తన మఠం గోడ మీద దూతకు ఇంద్రధనుస్సు రంగుల రెక్కలు వేశాడు. మైకెలాంజెలో మరీ మొండివాడు. సిస్టీన్ చాపెల్ గోడ మీద 1536 నుంచి 1541 దాకా 'తుది తీర్పు' గీస్తూ, దూతలందరికీ రెక్కలు తీసేసి పహిల్వాన్లను చేశాడు. ఆళ్లగడ్డ పెద్దాయనకు అక్కడ ఒక తోడు దొరికినట్టే.

నంద్యాలలో దిగేసరికి పది దాటింది. పేరులోనే నంది ఉన్న ఊరు, చుట్టూ నవనందులనే తొమ్మిది గుళ్లు. ఎస్.పి.జి. అనే ఇంగ్లీషు మిషన్ 19వ శతాబ్దంలో ఈ కడప, కర్నూలు సీమలో దిగింది. ఆ మూడక్షరాలు ఇప్పటికీ ఊరి నోట్లో స్కూలు పేరుగా, గ్రౌండు పేరుగా నలుగుతూనే ఉన్నాయి. ఫ్యాన్సీ షాపుల ముందు కాగితపు నక్షత్రాలు వేలాడుతున్నాయి. గ్రీటింగ్ కార్డుల మీద, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని పైకి చూస్తున్న ఇద్దరు బొద్దు పిల్లలు. వాళ్లను చూడని తెలుగువాడు ఉండడనుకుంటా. వాళ్లు రఫేల్ 1512లో మొదలుపెట్టిన 'సిస్టీన్ మడోన్నా' బొమ్మలో అట్టడుగున, ఏం తోచక కూర్చున్నవాళ్లు. అసలు పటంలో వాళ్ల పైన మరియమ్మ, బాలయేసు, ఇద్దరు పరిశుద్ధులు ఉన్నారు. లోకం వాళ్లందర్నీ కత్తిరించేసి ఈ ఇద్దర్నే తెచ్చి నంద్యాల దాకా అమ్ముతోంది. సైన్యాలను ఒక్క రాత్రిలో హతమార్చిన దూత, ఎర్రెర్రని ఖడ్గంతో తోట గుమ్మంలో కాపలా నిల్చున్న కెరూబు, చివరికి చెక్కిళ్లు గిల్లదగిన పసిపాపలైపోయారు. ఇది నాకు నచ్చని మలుపు.

ఒక చర్చి ఆవరణలో పిల్లలు పశువుల పాక కడుతుంటే ఆగాను. బోదగడ్డి, చెరకు ఆకు, రంగు బల్బులు. పాక చూరుకు ప్లాస్టర్ దూత ఒకటి తీగతో కట్టారు, గాలికి గిర్రున తిరుగుతోంది. తొట్టి పక్కన గొర్రెలు, గాడిద. ఎద్దు ఉండాల్సిన చోట మాత్రం మెడలో పూసల పేరు, మూపురం మీద పసుపు బొట్టు ఉన్న మట్టి బసవన్న కూర్చుని ఉన్నాడు.

"ఎద్దు బొమ్మ ఇరిగిపోయింది సార్, మహానంది తిరునాళ్లలో కొన్న బసవన్నను పెట్టినాం" అన్నాడొక కుర్రాడు సంజాయిషీగా. "మా పాస్టరయ్య చూసి నవ్వి ఊరుకున్నాడు."

ఆ పాస్టరయ్య ఎవరో గానీ సరిగ్గానే నవ్వాడు. సువార్తల్లో ఎక్కడా ఆ రాత్రి అక్కడ ఎద్దు ఉందని లేదు. లూకా తొట్టి గురించే చెప్పాడు. ఎద్దు తన యజమానిని ఎరుగునని యెషయా ప్రవక్త ఎప్పుడో అన్న మాటను పట్టుకుని 4వ శతాబ్దపు శిల్పులు తొట్టి పక్కన ఎద్దును, గాడిదను కట్టేశారు. 1223లో ఇటలీలో గ్రేచో అనే కొండ ఊళ్లో అస్సీసి ఫ్రాన్సిస్ నిజం ఎద్దునూ నిజం గాడిదనూ తెచ్చి నిలబెట్టి క్రిస్మస్ చేశాడు. నంద్యాలలో ఆ చోటులోకి బసవన్న రావడానికి ఇంకో ఎనిమిది వందల ఏళ్లు పట్టింది, అంతే తేడా.

దూత అన్న మాట కూడా మనది భలే కుదిరింది. గ్రీకులో ఆంగెలోస్ అన్నా, హీబ్రూలో మలాఖ్ అన్నా కబురు తెచ్చేవాడనే. తెలుగు బైబిలు దాన్ని దూత అంది. ఆ మాట వినగానే మన చెవికి ముందు తట్టేది రామదూత. సముద్రం దాటి కబురు తీసుకుపోయి కబురు తీసుకొచ్చినవాడు. ఆయనకూ రెక్కల్లేవు. గాలిదేవుడి కొడుకు, ఒక్క ఎగురు ఎగిరాడు. దారిలో అలసట తీర్చుకోమని సముద్రంలోంచి లేచిన మైనాకుడికి మాత్రం రెక్కలున్నాయి, అతను కొండ.

మహానంది ఆటోలో కూర్చున్నాక, తూర్పున నల్లమల దగ్గరవుతుంటే ఆ కథే మెదులుతూ ఉంది. పూర్వం కొండలన్నిటికీ రెక్కలుండేవి. ఎక్కడపడితే అక్కడ వాలి ఊళ్లను నలిపేస్తుంటే ఇంద్రుడు వజ్రాయుధంతో తెగ్గొట్టాడు. మైనాకుడొక్కడు సముద్రంలో దాక్కుని తప్పించుకున్నాడు. మన కథల్లో రెక్కలున్నవాళ్లకు ఎప్పుడూ కష్టమే. సంపాతి రెక్కలు ఎండకు కాలిపోయాయి. జటాయువు రెక్కలు కత్తికి తెగాయి. గరుత్మంతుడంతటివాడు అమృతం తెస్తూ, వజ్రాయుధం పరువు కోసం ఒక ఈక రాల్చిపోయాడు. నల్లమలను చూస్తుంటే, దిగి కూర్చున్నాక ఇక లేవలేని దానిలాగే ఉంది.

అరటి తోటలు మొదలైతే మహానంది వచ్చిందన్న గుర్తు. పైనంతా ఎండిన సీమ, కొండ మొదట్లో ఈ ఒక్క చోట పచ్చదనం. కారణం గుడిలోనే పుట్టే ఊట. గర్భగుడి అడుగునుంచి ఉబికే నీళ్లు రుద్రగుండంలోకి వచ్చి, బయటి గుండాల మీదుగా కాలువలకు మళ్లి దాదాపు 2,000 ఎకరాలు పారుతాయంటారు. ఆ నీళ్లు ఎండాకాలమూ ఆగవు. ఐదడుగుల లోతులో రూపాయి బిళ్ల మీది అంకె చదవొచ్చు. నేను చదివాను, రెండు రూపాయలు. చలికి పళ్లు టకటకలాడాల్సింది, నీళ్లు మాత్రం గోరువెచ్చగా ఉన్నాయి.

మునిగి లేచి, తడి బట్టలతో శిఖరం చూస్తూ కూర్చున్నాను. ప్రవేశ గోపురాలు తర్వాతి కాలానివి, దక్షిణాది పద్ధతివి. గర్భగుడి మీది విమానం మాత్రం వేరే జాతిది. ఒంపు తిరుగుతూ పైకి పోయే ఉత్తరాది రేఖా శిఖరం, బాదామి చాళుక్యుల నాటిది, 7, 8 శతాబ్దాల ప్రాంతం. దీని అన్నదమ్ములు కర్నూలుకు అవతల తుంగభద్ర ఒడ్డున అలంపురంలో ఉన్నారు. అక్కడ నవబ్రహ్మలు, ఇక్కడ నవనందులు. స్వర్గబ్రహ్మ ఆలయం వినయాదిత్యుడి కాలానిది, అంటే 681 నుంచి 696 మధ్యది. అలంపురం గోడల మీద గంధర్వ దంపతులను చూసిన రోజు నాకు పెద్దాయన ప్రశ్న తెలియదు, ఇప్పుడు గుర్తు చేసుకుంటే జవాబులా ఉన్నారు. భర్త మోకాళ్లు మడిచి వాలుగా, భార్య అతని భుజం మీద ఆనుకుని, మెడలో హారాలు ఒక పక్కకు ఊగుతూ, చీర కుచ్చిళ్లు వెనక్కి పోతూ ఉంటారు. గాలి ఎటు వీస్తోందో రాయి చెబుతుంది. ఈక ఒక్కటీ లేదు.

మన శిల్పికి రెక్క చెక్కడం రాక కాదు. సాంచి తోరణాల మీద రెక్కల సింహాలున్నాయి. కిన్నరులకు పక్షి ఒళ్లే ఉంటుంది. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు చెక్కిన నాటికి కృష్ణా తీరంలో రోము బంగారు నాణేలు తిరుగుతున్నాయి. రోము వర్తకుల సామాన్ల మీద విజయదేవతను మనవాళ్లు చూసే ఉంటారని నా ఊహ. అయినా అమరావతి సున్నపురాతి మీద బుద్ధుడికి మొక్కుతూ ఎగిరే దేవతలు కాళ్లు మడిచే ఎగురుతారు. ఇటు రాని రెక్కలు పట్టుదారి వెంట అటు పోయాయి. 1907లో ఆరెల్ స్టైన్ మధ్య ఆసియా ఎడారిలో మీరాన్ అనే చోట పాడుబడిన బౌద్ధ స్తూపం గోడ మీద పెద్ద కళ్ల, రెక్కల కుర్రాళ్లను చూసి నిర్ఘాంతపోయాడు. మనవైపు మాత్రం 1580లో జెస్యూట్ పాదిరీలు బొమ్మల బైబిలు తెచ్చి అక్బరుకు ఇచ్చాక, మొగలు చిత్రకారులు ఆ దూతలను రెక్కలతో సహా దించి చక్రవర్తుల తలల మీద ఎగరేశారు.

పడమటి చిత్రకారుల్లోనూ రెక్కల మీద భారం వేయనివాడు ఒకడున్నాడు. జొట్టో 1305 ప్రాంతంలో పాదువా ఊళ్లో ఒక చిన్న చాపెల్ గోడ మీద, యేసు శవం చుట్టూ ఏడుస్తున్న దూతలను గీశాడు. రెక్కలున్నాయి. కానీ నడుము కింద వాళ్లు లేరు, మబ్బులాగా కరిగిపోతారు. ఒకడు జుట్టు పీక్కుంటాడు, ఒకడు ముఖం దాచుకుంటాడు. పిట్టలు చెదిరినట్టు ఆకాశమంతా చెదిరిపోతారు. ఆ దుఃఖానికి రెక్కలక్కర్లేదు. ఆ బొమ్మను ఆళ్లగడ్డ పాకలో చూపించి ఉండాల్సింది.

గుడి లోపల జనం పల్చగా ఉన్నారు. ఇక్కడి లింగం నున్నటి నిడుపు లింగం కాదు. పుట్ట మీద పాలధార విడుస్తున్న ఆవు బెదిరి తొక్కితే దిగిన గిట్ట గుర్తు అని పూజారి చూపిస్తారు. దేవుడి నెత్తి మీదే గిట్ట. ఎదురుగా స్వామి నంది. ముందుకాలు ఒకటి మడిచి, ఒకటి ఆనించి, పిలిస్తే లేవడానికి సిద్ధంగా ఉన్నాడు.

బయటికి వచ్చి గరుడనంది గుడి మెట్ల మీద కూర్చున్నాను. నవనందుల్లో అదొకటి. గరుడ, నంది. ఆ రెండు మాటలు పక్కపక్కన చూడగానే, ఇంతసేపూ నేను వెతుకుతున్నది దూతను కాదేమో అనిపించింది. ఎందుకంటే పడమటి మతకళలో రెక్కల ఎద్దు ఉంది.

బబులోను చెరలో, క్రీ.పూ. 6వ శతాబ్దంలో, కెబారు నది పక్కన యెహెజ్కేలు ప్రవక్తకు దర్శనమైంది. నాలుగు జీవులు, ఒక్కోదానికి నాలుగు రెక్కలు, నాలుగు ముఖాలు. మనిషి, సింహం, ఎద్దు, పక్షిరాజు. అదే పుస్తకం పదో అధ్యాయంలో ఎద్దు ముఖం అని రావాల్సిన చోట కెరూబు ముఖం అని ఉంటుంది. అంటే రఫేల్ పసిపాపల ముత్తాత ఎద్దన్నమాట! ప్రవక్త ఉన్న దేశం అలాంటిది మరి. అంతకు నూరేళ్ల ముందే అస్సిరియా రాజు రెండో సార్గోను ఖోర్సాబాదులో తన కోట గుమ్మాలకు రెక్కల ఎద్దులను కాపలా పెట్టాడు. మనిషి తల, ఎద్దు ఒళ్లు, డేగ రెక్కలు, రెండు నిలువుల ఎత్తు. ఇప్పుడు కొన్ని పారిస్‌లో ఉన్నాయి. వాటికి ఐదు కాళ్లు. ఎదురుగా చూస్తే నిలబడినట్టు, పక్కనుంచి చూస్తే నడుస్తున్నట్టు కనబడాలని శిల్పి ఒక కాలు ఎక్కువ చెక్కాడు.

యెహెజ్కేలు చూసిన ఆ నాలుగు ముఖాలను క్రైస్తవులు నలుగురు సువార్తికులకు పంచారు. మత్తయికి మనిషి, మార్కుకు సింహం, యోహానుకు పక్షిరాజు. ఎద్దు లూకాకు. తొట్టి గురించి, పొలంలో కాపరులకు కనబడిన దూతల గురించి చెప్పింది లూకానే. ఇటలీలో రావెన్నాలో గల్లా ప్లాసిడియా సమాధి మందిరం అనేది ఉంది, 5వ శతాబ్దపుది. లోపలి కప్పు అంతా ముదురు నీలం, నిండా బంగారు చుక్కలు. నాలుగు మూలల నుంచి నాలుగు జీవులు మబ్బుల్లోంచి నడుము దాకా లేచి వస్తుంటాయి. అందులో ఒకటి రెక్కల ఎద్దు.

మన ఎద్దు కూడా లేస్తుంది, ఇక్కడికి దగ్గర్లోనే. యాగంటి బసవన్న అంతకంతకూ పెరుగుతున్నాడని, కలియుగాంతాన లేచి రంకె వేస్తాడని వీరబ్రహ్మంగారి కాలజ్ఞానం పేర సీమంతా నమ్ముతుంది. పడమట ఆ పని ఏడుగురు దూతలు బూరలు ఊది చేస్తారు. మనవైపు రంకె ఒక్కటి చాలు. ఇంకో సంగతి, దూతలను 6వ శతాబ్దం నాటికే ఒక గ్రీకు పండితుడు తరగతులుగా విడదీశాడు. అవి కూడా తొమ్మిదే. నవనందుల మెట్ల మీద కూర్చున్నవాడికి ఇది చెప్పకుండా ఉండడం కష్టం.

చీకటి పడుతుండగా సిగ్నల్ దొరికింది. రావెన్నా ఎద్దు ఫొటో వెతికి పెద్దాయన మనవడి ఫోన్‌కు పంపాను. 'పెద్దాయనకు చూపించు, 1,500 ఏళ్ల కిందటిది' అని రాశాను. ఆటో కోసం నిలబడ్డాను. గుడి మీద లైట్లు వెలిగాయి. అరటిపండ్ల బండివాడు గెలలు కప్పుకుంటున్నాడు. నంద్యాల చేరేదాకా జవాబు రాలేదు.

బస్టాండులో టీ తాగుతుంటే వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల రాయి కోసే మిషన్ చప్పుడు, ఆ చప్పుడు మీద పెద్దాయన గొంతు.

"సూసినా నాయనా. బాగుంది. కండ్లు బాగా ఇడిసినాడు, కొమ్ములు సక్కంగా కుదిరినాయి. రెక్కలు సరే, ఈపు మీద ఆ చోట్లో రెక్కలు పెట్టినాడు గదా, మరి మూపురం యాడబోయింది?"